మే నెల క్యాన్వాసింగే నా గ్రాట్యుటీకి సాక్ష్యమైంది

హనుమకొండలో ఒక ప్రైవేటు హైస్కూల్లో పదకొండేళ్లు లెక్కలు చెప్పాను. 2011 జూన్ మొదట్లో చేరాను, 2022 ఏప్రిల్ 30న మానేశాను. ఇంట్లోనే ట్యూషన్లు చెప్పుకుందామని నా అంతట నేనే రాజీనామా ఇచ్చాను, గొడవేమీ లేదు. చివరి రోజు శాలువా కప్పారు, స్వీట్ బాక్సు చేతిలో పెట్టారు, స్టాఫ్ అందరితో ఫోటో తీయించారు. చేరినప్పుడు దగ్గర పెట్టుకున్న నా ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగితే మాత్రం "ఆఫీసు సార్ ఊర్లో లేడు, వచ్చే వారం రండి మేడమ్" అన్నారు. ఆ వచ్చే వారం రావడానికి పది నెలలు పట్టింది.

గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం మానేసేటప్పుడు చేసిన ఏళ్ల లెక్కన యజమాని ఇచ్చే డబ్బు, ఆ మాట వినడం విన్నాను గానీ అది గవర్నమెంటోళ్ల సంగతి అనుకునేదాన్ని. ఆ జూన్‌లో మా అక్క వాళ్లాయన సింగరేణిలో రిటైరయ్యాడు. భూపాలపల్లిలో ఫంక్షన్. భోజనాల దగ్గర బావ నా పక్కనే కూర్చుని "నీకెంత ఇచ్చిండ్రు?" అన్నాడు. దేనికి బావా అంటే "గ్రాట్యుటీ" అన్నాడు. ప్రైవేటు బడిలో గ్రాట్యుటీ ఎక్కడిది అని నవ్వాను. ఆయన నవ్వలేదు. "పది మంది పనిచేసే జాగ ఏదైనా సరే, ఐదేండ్లు దాటితే ఇయ్యాల్సిందే. ముప్పై ఏండ్లు యూనియన్ల తిరిగిన, నాకు తెల్వదా" అని, అప్పడం విరిచి నా విస్తట్లో వేసి లేచిపోయాడు.

ఇంటికొచ్చి ఆ చట్టం దింపుకుని చదివాను. 1972 నాటి గ్రాట్యుటీ చెల్లింపు చట్టం, అప్పుడు అమల్లో ఉన్నది అదే. లెక్క ఏడో తరగతి పిల్లలు చేసేదే. చివరి నెల జీతాన్ని 26తో భాగించి, 15తో గుణించి, ఎన్నేళ్లు చేస్తే అన్నిటితో గుణించాలి. ఆదివారాలు పోతే నెలకు 26 పనిరోజులు, ఏడాదికి 15 రోజుల జీతం, అంతే. చివర్లో ఆరు నెలలు దాటిన ముక్క మిగిలితే దాన్ని కూడా పూర్తి ఏడాది కిందే పట్టాలి. నాది పదేళ్ల పది నెలల పైన, కాబట్టి 11. జీతం 18,500. అంటే 1,17,404 రూపాయలు. తప్పు చేశానేమోనని మూడుసార్లు చేశాను. నెలకు 18,500 తెచ్చుకునే మనిషికి లక్షా పదిహేడు వేలు తనకు రావాల్సి ఉందని ఒక రాత్రి పదకొండింటికి తెలిస్తే ఎట్లుంటుందో చెప్పలేను, మా ఆయన్ని నిద్ర లేపాను.

అదే చట్టంలో ఇంకో మాట ఉంది, దాన్ని రెండుసార్లు చదివాను. ఉద్యోగి అడిగినా అడగకపోయినా యజమానే లెక్క కట్టాలి, ఇంత వస్తుందని ఉద్యోగికీ, కార్మిక శాఖలోని అధికారికీ కాగితం మీద తెలపాలి, 30 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. అడగడం నా పని కానే కాదన్నమాట. మాకు మాత్రం శాలువా వచ్చింది.

అయినా మర్యాదగా ముందు వెళ్లి అడిగాను. కరస్పాండెంట్ సార్ కుర్చీలో వెనక్కి వాలి "టీచర్లకు గ్రాట్యుటీ లేదమ్మా, సుప్రీంకోర్టే చెప్పింది" అన్నారు. అది పూర్తి అబద్ధం కాదు, అదే చిక్కు. 2004లో సుప్రీంకోర్టు నిజంగానే అట్లా చెప్పింది. చట్టంలో ఉద్యోగి అంటే నైపుణ్యం ఉన్న పని, లేని పని అని రాసుకొచ్చిన వరసలో టీచర్ ఎక్కడా ఇమడడు అని తీర్పు. అందుకని 2009లో పార్లమెంటు ఆ నిర్వచనాన్నే మార్చింది, అదీ 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా మార్చింది. ప్రైవేటు స్కూళ్లవాళ్లు ఆ సవరణ మీద కోర్టుకెళ్లారు, 2022 ఆగస్టు 29న సుప్రీంకోర్టు వాళ్ల పిటిషన్లు కొట్టేసింది. నేను అడగడానికి వెళ్లింది జులైలో, ఆ తీర్పు ఇంకా రాలేదు, కానీ సవరణ అప్పటికే పన్నెండున్నరేళ్ల నుంచీ అమల్లో ఉంది. మా సార్ 2004 దగ్గరే ఆగిపోయారు. ఆగితే లాభం ఉన్నచోట ఎవరైనా ఆగుతారనుకోండి.

ఇంకా నవ్వొచ్చే సంగతి, 1994లో వచ్చిన జీవో నంబర్ 1 ఉంది, ప్రైవేటు బళ్ల గుర్తింపు, ఫీజుల గురించి. వసూలు చేసిన ఫీజులో సగం జీతాలకు, 15 శాతం సిబ్బంది గ్రాట్యుటీ, పీఎఫ్, గ్రూప్ ఇన్సూరెన్స్‌లకు పెట్టాలని అందులో ఉంది. పదకొండేళ్లు స్టాఫ్ రూములో కూర్చున్న మాలో ఒక్కరికీ ఈ ముక్క తెలియదు.

సరే, దరఖాస్తు. అప్పట్లో దీనికి ఫారం ఐ అని ఒకటుండేది. ఐ అంటే ఇంగ్లీషు అక్షరం, ఒకటి అంకె కాదు, నేను మొదట ఒకటో నంబరు ఫారం కోసం వెతికి ఒక రోజు పోగొట్టుకున్నాను. పేరు, చేరిన తేదీ, మానేసిన తేదీ, చివరి జీతం, రావాల్సిన మొత్తం, అంతే, ఒక పేజీ. మానేసిన 30 రోజుల్లో ఇవ్వాలంటారు, నాకు అప్పటికే గడువు దాటింది. ఆలస్యమైందన్న ఒక్క కారణంతో హక్కు పోదని రూల్స్‌లోనే ఉంది కాబట్టి ధైర్యం చేసి జులై రెండో వారంలో రిజిస్టర్డ్ పోస్టులో, అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు జతచేసి పంపాను.

వారం తర్వాత అదే కవరు మా ఇంటికి తిరిగొచ్చింది. పోస్ట్‌మ్యాన్ ఎర్ర ఇంకుతో అడ్డంగా రాశాడు, తీసుకోవడానికి నిరాకరించారు అని. చూడగానే ఏడుపొచ్చింది, కోపంలో కవరు చింపబోతుంటే బావకు ఫోన్ చేయడం మంచిదైంది. "చింపకు! అది బంగారం. ఫొటో తీసుకో, అట్లనే బీరువాల పెట్టు" అన్నాడు. తర్వాత కార్మిక శాఖ ఆఫీసులో కూడా అదే చెప్పారు. సరైన అడ్రసుకు వెళ్లిన రిజిస్టర్డ్ కవరును వద్దని తిప్పి పంపితే అందినట్టే లెక్క అట. మీకెవరికైనా ఇట్లా జరిగితే ఆ కవరు తెరవకండి.

ముప్పై రోజులు ఆగి, కార్మిక శాఖలో గ్రాట్యుటీ కేసులు చూసే అధికారికి దరఖాస్తు పెట్టాను. దీన్ని అప్పట్లో ఫారం ఎన్ అనేవాళ్లు. 90 రోజుల గడువు ఉండేది, నేను అక్టోబర్ మొదట్లో ఇచ్చాను కాబట్టి లోపే. లాయర్‌ను పెట్టుకోలేదు. పెట్టుకోవద్దని కాదు, ఇద్దరిని అడిగితే ఫీజు విని నాకు కళ్లు తిరిగాయి. ఆఫీసులో ఒక పెద్దాయన ఉన్నారు, సీనియర్ అసిస్టెంట్, కళ్లద్దాలు ముక్కు చివరికి జారిపోతుంటాయి, నా కాగితాలు తిరగేసి "అమ్మా, నువ్వు లెక్కల టీచర్‌వా? అందుకే దరఖాస్తు ఒక్క కొట్టివేత లేకుండా ఉంది" అన్నారు. ఆ ఒక్క మాటకు సగం టెన్షన్ పోయింది.

తర్వాత వాయిదాలు. మొదటిదానికి స్కూలు తరఫున ఎవరూ రాలేదు. రెండోదానికి ఆఫీసు సార్ వచ్చి టైం అడిగాడు. మూడోదానికి లాయర్‌తో వచ్చారు, కౌంటర్, అంటే రాతపూర్వక జవాబు, వేశారు. అది చదువుతుంటే నా గురించేనా అనిపించింది. టీచర్ ఉద్యోగి కాదు అన్నారు (ఈ మాట అప్పటికి సుప్రీంకోర్టు కొట్టేసి నెలలైంది). ఏటా ఏప్రిల్‌లో నా ఉద్యోగం అయిపోతుందట, జూన్‌లో మళ్లీ కొత్తగా తీసుకుంటారట, కాబట్టి ఐదేళ్ల వరస సర్వీసు లేనే లేదట. కరోనా ఏడాది అసలు నేను లేనేలేనట. జీతంలో బేసిక్ 8,000 మాత్రమే, మిగతాది అలవెన్సులట. పైగా మూడు నెలల నోటీసు ఇవ్వకుండా మానేశాను కాబట్టి ఒకవేళ ఏమైనా రావాల్సి ఉంటే అది కూడా జప్తట.

చివరిది ముందు తేల్చేస్తాను, దానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. గ్రాట్యుటీ ఎప్పుడు ఆపవచ్చో చట్టంలో లెక్కగా ఉంది. ఉద్యోగి చేసిన పనివల్లో నిర్లక్ష్యంవల్లో ఆస్తి నష్టం జరిగి ఉద్యోగంలోంచి తీసేస్తే ఆ నష్టం మేరకు, కొట్లాటకు దిగో, ఉద్యోగంలో ఉండగా నైతికంగా నీచమైన నేరం చేసో ఉద్యోగం పోగొట్టుకుంటే మొత్తమో కొంతో. నోటీసు గురించి అందులో ఒక్క అక్షరం లేదు. అధికారి ఆ పేరా దగ్గర పెన్నుతో చిన్న గీత గీసి ముందుకెళ్లిపోయారు.

ఆ రోజే నా సర్టిఫికెట్ల సంగతి కూడా చెప్పుకున్నాను. "అది నా పరిధిలోకి రాదు గానీ, మనిషి చదువు కాగితాలు మీ దగ్గరెందుకండీ?" అని ఆయన ఆఫీసు సార్ వైపు చూసి అడిగారు. తర్వాతి వాయిదాకు, అంటే 2023 ఫిబ్రవరి చివర్లో, బ్రౌన్ కవర్లో నా టెన్త్ మెమో నుంచి బీఎడ్ దాకా అన్నీ తెచ్చిచ్చారు. బీఎడ్ సర్టిఫికెట్ మూలకు టీ మరక ఉంది. ఎవరి టీయో.

వేసవి సెలవుల విషయమే అసలు పోరాటం. మా బడిలో పది నెలల జీతమే, మే నెలకు ఏమీ రాదు, జూన్‌లో బడి తెరిచిన రోజు నుంచి లెక్క. ఇది ప్రైవేటు టీచర్లందరికీ తెలిసిన బాధే. బ్యాంక్ స్టేట్‌మెంట్ తీస్తే ఏటా ఆ ఖాళీ కనిపిస్తుంది, వాళ్ల లాయర్ ఆ ఖాళీలన్నిటికీ పసుపు హైలైటర్ పూసి తెచ్చాడు. చట్టంలో దీనికి జవాబు ఉంది, ఉద్యోగి తప్పేమీ లేకుండా పని ఆగిపోతే ఆ కాలం కూడా సర్వీసు కిందకే వస్తుంది. సెలవులు ఇచ్చింది నేను కాదు కదా. కానీ అధికారి ముందు చట్టం చదవడం వేరు, సాక్ష్యం చూపడం వేరు. "సెలవుల్లో మీరు స్కూలుకు పనిచేయలేదు కదా మేడమ్?" అని లాయర్ అడిగాడు.

"పాఠం చెప్పలేదండి. ఊర్లు తిరిగాను" అన్నాను.

మే నెల క్యాన్వాసింగ్ అంటే తెలియని ప్రైవేటు టీచర్ ఉండరు. కరపత్రాలు పట్టుకుని, ఇద్దరిద్దరిని జతచేసి, ఊరూరా ఇల్లిల్లూ తిరిగి "మీ పిల్లల్ని మా బడిలో చేర్పించండి" అని అడగడం. ఎండకు చున్నీ నెత్తిన కప్పుకుని, ఎవరింట్లోనో మంచినీళ్లు అడుక్కుని తాగి, మనిషికి పది అడ్మిషన్లు టార్గెట్. నా జీవితంలో నేను సిగ్గుపడుతూ చేసిన పని ఏదైనా ఉందంటే అదే. ఒకసారి నా దగ్గరే చదువుకున్న పిల్ల పెళ్లయి వచ్చిన ఇంటికే వెళ్లాను, ఆ పిల్ల నన్ను చూసి లోపలికి పరుగెత్తి కుర్చీ తెచ్చేసరికి నాకు కరపత్రం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

ఆ పనికి ఊర్లు పంచేది వాట్సాప్ గ్రూపులో. అడ్మిషన్స్ 2018, అడ్మిషన్స్ 2019, అట్లా ఏడాదికో గ్రూపు. నేను దేనిలోంచీ బయటికి రాలేదు, బద్ధకంతో, అంతకంటే గొప్ప కారణం లేదు. మొత్తం ప్రింట్లు తీయించాను, నలభై రెండు పేజీలు. ఇవి నా ఫోన్లోవే అని ఒక కాగితం రాసి సంతకం చేసి జతచేయమన్నారు, చేశాను. అధికారి ఒక పేజీ తీసి పైకి చదివారు. "మే 14. మీకు ధర్మసాగర్, వేలేరు. ఉదయం ఏడింటికి బస్సు. టార్గెట్ తక్కువైనవాళ్లు సాయంత్రం ఆఫీసులో కలవాలి." గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆయన కాగితం కిందపెట్టి "జీతం ఇవ్వకుండానా?" అన్నారు. ఆఫీసు సార్ గోడ మీది క్యాలెండర్ చూస్తున్నాడు. ఆ మెసేజ్ పంపింది ఆయనే.

2018కి ముందటి ఏళ్లకు మా బడికి వాట్సాప్ గ్రూపులు లేవు, జీతం కూడా చేతికే ఇచ్చేవాళ్లు. వాటికి టెన్త్ బ్యాచ్‌ల గ్రూప్ ఫోటోలు అక్కరకొచ్చాయి. ముందు వరసలో పిల్ల ఒకతి పట్టుకున్న పలక మీద బడి పేరు, సంవత్సరం చాక్‌పీసుతో రాసి ఉంటాయి కదా, ప్రతి ఫోటోలో కుర్చీల వరసలో ఎడమ నుంచి నాలుగో మనిషిని నేనే. కరోనా ఏడాదికి ఇంకో రుజువు దొరికింది. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది గుర్తుందా, అది నాకూ వచ్చింది. నేను ఆ బడిలో టీచర్‌ను అని వివరాలు వెళ్తేనే కదా అది వచ్చేది. నేను లేనని ఇప్పుడంటున్నవాళ్లే అప్పుడు ఉన్నానన్నారు. రేషన్ షాపు ముందు లైన్లో నిలబడ్డ రోజు ఈ బియ్యం ఇట్లా పనికొస్తాయని అనుకోలేదు.

ఇక జీతం. బేసిక్ 8,000 అని వాళ్లు ఎందుకు పట్టుబట్టారంటే, దానిమీద లెక్కేస్తే 50,769 మాత్రమే వస్తుంది, సగం కూడా కాదు. ఆ చట్టంలో కరువు భత్యం తప్ప మిగతా అలవెన్సులు జీతం కిందకు రావు. కానీ నాకు ఒక్క నెల కూడా పే స్లిప్ ఇవ్వలేదు, బేసిక్ ఇంత అని ఏ కాగితం మీదా లేదు. అప్పుడు నేను ఒక పని చేశాను, దాని గురించి చెప్పడానికి కొంచెం మొహమాటంగానే ఉంది. గుర్తింపు రెన్యూవల్ కోసం స్కూళ్లు జీతాల రిజిస్టర్ చూపించాలి. మా బడిలో రెండు రిజిస్టర్లు. ఇన్‌స్పెక్షన్‌కు చూపే దాంట్లో నా జీతం 24,000, పక్కన రెవెన్యూ స్టాంపు మీద నా సంతకం. తీసుకోని డబ్బుకు తీసుకున్నట్టు సంతకం పెట్టాను, నేనే కాదు అందరం పెట్టాం, అయినా అది తప్పే. కాగితాలు తెప్పించే అధికారం ఆయనకు సివిల్ కోర్టుకు ఉన్నట్టే ఉంటుంది కాబట్టి, ఆ రిజిస్టర్ తెప్పించండి అని అర్జీ పెట్టాను. అది వస్తే గ్రాట్యుటీ 24,000 మీద లెక్కించాల్సి వస్తుంది, లేదా ఆ రిజిస్టర్ అబద్ధమని వాళ్లే ఒప్పుకోవాలి. నాకు రానిదాని మీద నేను అడగను, నాకు బ్యాంకులో పడింది 18,500, దానిమీదే ఇవ్వండి అని అందులోనే రాశాను.

ఆ వారమే ఆఫీసు సార్ ఇంటికి ఫోన్ చేశాడు. "సార్ పెద్ద మనసు చేసుకుని 40 వేలు ఇస్తామంటున్నారు మేడమ్, కేసు వాపస్ తీసుకోండి." మా ఆయన తీసుకొమ్మన్నాడు. ఆయన్ని అనలేను, అప్పటికి నేను ఐదారుసార్లు ట్యూషన్ పిల్లల్ని వెనక్కి పంపి వాయిదాలకు తిరిగాను, తల్లిదండ్రులు గొణుగుతున్నారు. ఒక రాత్రంతా ఆలోచించాను. పొద్దున లేచి ట్యూషన్ బోర్డు మీద 1,17,404 లోంచి 40,000 తీసివేసి చూశాను. 77,404. అది నా నాలుగు నెలల జీతానికీ ఐదు నెలల జీతానికీ మధ్యలో ఎక్కడో ఉంది. కుదరదని మెసేజ్ పెట్టాను.

తర్వాతి వాయిదాకు వాళ్ల లాయర్ జీతం 18,500 అనే విషయంలో మాకు అభ్యంతరం లేదని రాసిచ్చాడు. రిజిస్టర్ రాలేదు. రావాల్సిన అవసరమూ లేకపోయింది.

2023 సెప్టెంబర్‌లో ఆర్డర్ వచ్చింది. 1,17,404 రూపాయలు, దానిమీద ఏడాదికి 10 శాతం సాధారణ వడ్డీ. వాళ్లు అప్పీలుకు వెళ్తారని భయపడ్డాను. పెద్దాయనే ధైర్యం చెప్పారు, యజమాని అప్పీలు చేయాలంటే ముందు మొత్తం డిపాజిట్ చేయాలి, అది కట్టేదేదో నీకే కడతారులే అమ్మా అని. కట్టకపోతే కలెక్టర్ ద్వారా భూమి శిస్తు బకాయిలాగా వసూలు చేసే దారి ఉంది. అంతదాకా పోలేదు. అక్టోబర్ 31న డీడీ చేతికొచ్చింది, పద్దెనిమిది నెలల వడ్డీ 17,611 కలిపి 1,35,015. ఖర్చు నాకు జిరాక్సులు, పోస్టు, ఆటోలు కలిపి మూడు వేల లోపే.

ఇప్పుడు చదివేవాళ్ల కోసం ఒక మాట. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, గ్రాట్యుటీ ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో ఉంది. మామూలు ఉద్యోగులకు ఐదేళ్ల నియమం అట్లాగే ఉంది, ఇంత కాలానికని కాగితం రాసుకుని తీసుకున్నవాళ్లకు మాత్రం ఏడాది చాలు. ఏటా కొత్తగా తీసుకున్నామని రాసే స్కూళ్లు ఇది చదువుకుంటే మంచిది. అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే ఆ దాటినది కూడా జీతమే, అంటే 18,500లో బేసిక్ 8,000 అన్న వాదన ఇప్పుడు చేయాలన్నా కుదరదు. మానేసినవాళ్ల జీతం బకాయిలు రెండు పనిదినాల్లో ఇవ్వాలి. అపాయింట్‌మెంట్ లెటర్ అందరికీ ఇవ్వాలి. నాకు పదకొండేళ్లలో ఇవ్వనిది అదే, అది ఉంటే ఫోటోల్లో నన్ను నేను వెతుక్కునే పని ఉండేది కాదు.

డబ్బు వచ్చిందని తెలిశాక పాత స్టాఫ్‌లో చాలామంది ఫోన్ చేశారు. అడిగేవి అన్నీ అడిగి, చివర్లో "నేను అడిగినట్టు ఎవరికీ చెప్పకు అక్కా" అనేవాళ్లు. ఇంకా అక్కడే పనిచేస్తున్నారు, ఏం చేస్తారు. ధైర్యంగా ఇంటికే వచ్చింది మాత్రం మా ఆయమ్మ. పద్నాలుగేళ్లు చిన్న పిల్లల్ని చూసుకుని, మోకాళ్లు పనిచేయక 2024 ఏప్రిల్‌లో మానేసింది. "టీచరమ్మా, నాకు గూడ అస్తదా?" అంది. జీతం 7,500. లెక్కేసి 60,577 అని చెప్తే నమ్మలేదు, "గన్ని పైసలా" అని గుమ్మం మీద కూర్చుంది. ఫారం ఐ నేను నింపాను, ఆమె వేలిముద్ర వేసింది, ఇద్దరం కలిసి పోస్టాఫీసుకు వెళ్లి రిజిస్టర్డ్ పోస్టు చేశాం.

నాలుగో రోజు అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు వచ్చింది. స్కూలు ముద్ర, ఆఫీసు సార్ సంతకం. పోయిన నెలలోనే నా నంబర్ బ్లాక్ చేసిన మనిషి ఆయన.